లాటరీలో రాని పక్కిల్లు

మా అత్తకు ఇచ్చిన ఇల్లు ఊరికి దూరమేమీ కాదని వచ్చిన ప్రతి ఆఫీసరూ అనేవాడు. కార్లో వచ్చినవాడికి ఏదీ దూరం కాదు. నంద్యాల నుంచి బస్సులో వెళ్లి ఆళ్లగడ్డలో దిగి, ఆటో అతన్ని బతిమాలి ఎక్కితే, వానపడిన రోజుల్లో అతను సగం దారిలోనే బండి ఆపేవాడు. "ఇంగ ముందుకు పోదమ్మా, రేగడి. చక్రాలు ఇరుక్కుంటాయి" అనేవాడు. చెప్పులు చేత్తో పట్టుకొని, కాలు తీస్తే కాలికి శేరు మట్టి అంటుకునే ఆ నల్లనేలలో నడిచిన నాకు ఆ దూరం ఎంతో బాగా తెలుసు. ఒకప్పుడు శనగ పండిన చేను అది. శనగకు చాలా మంచి నేల.

అత్త అంటే మా నాయన చెల్లెలు. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ పోయింది, నన్ను పెంచింది అత్తే. తను పెండ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "నిన్ను జూసినాక ఇంగో బిడ్డ వద్దనిపిచ్చిందిలే" అని నన్నే ఆడిపోసుకునేది. మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు, ఎక్కాలు చెప్పి రిటైరయింది. నోరు కాస్త దురుసు. అబద్ధం ఆడటం మాత్రం చేతకాదు. ఈ రెండు గుణాలూ నాకు వచ్చాయని చుట్టాలంటారు. మొదటిది వచ్చిన మాట నిజమే.

కొత్త కాలనీకి పోకముందు అత్త ఆళ్లగడ్డ బజారు వెనక ఒక పాత వరసలో అద్దెకుండేది. నాపరాళ్ల కప్పుతో, ఒకే కప్పు కింద ఇండ్లన్నీ అంటుకొని ఉండేవి. రోడ్డు వైపు నుంచి శిల్పులు రాయి చెక్కే చప్పుడు పగలంతా వినిపించేది. అత్త ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు అవతల ఉండేది నేను అంగడి పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. కోమట్ల ఇంటావిడ. భర్త పోయాక చిల్లర అంగడిని ఒక్కతే నడిపింది, మోకాళ్లు మొరాయించాక మూసేసింది. పిల్లల్లేరు. అవుకులో మరిది కొడుకులున్నారు, పండగకో శుభకార్యానికో వచ్చి పోయేవాళ్లు.

తెల్లవారుజామున వాళ్లిద్దరిలో ఎవరు ముందు లేస్తే వాళ్లు పప్పుగుత్తితో ఆ గోడమీద రెండు దెబ్బలు కొట్టేవారు. అవతలి నుంచి రెండు దెబ్బలు తిరిగి వచ్చేవి. అంతే, ఎవరి పని వాళ్లది. హాస్టల్లో చదివే రోజుల్లో సెలవులకు వెళ్లినప్పుడు ఆ చప్పుడుకు నిద్ర చెడి నేను విసుక్కునేదాన్ని. "ఇదేం పలకరింపు పెద్దమ్మా, పొద్దున్నే గోడలు బద్దలు కొట్టేదీ?" అంటే, "పలకరింపు కాదే పిల్లా. ఉండానో పోయినానో ఎవురికన్నా తెలియాల గదా?" అనేది ఆవిడ, మార్కెట్లో వంకాయల ధర చెప్పినంత మామూలుగా.

అత్త సాయంత్రం ప్రార్థన చేసుకునేటప్పుడు పెద్దమ్మ టీవీ సౌండు తగ్గించేది. కీర్తన ముగియగానే, "అయిపాయెనా టీచరమ్మా? ఇంగ నా సీరియలు పెట్టుకుంటా" అని గోడవతల నుంచి కేక. ఏకాదశి నాడు అత్త ఎండుచేపలు వేయించేది కాదు, వాసన పోతుందని. క్రిస్మస్‌కు అత్త పంపే కజ్జికాయలను మొదట్లో పెద్దమ్మ పనిమనిషికి ఇచ్చేసేదట. తర్వాతి కాలంలో తనే తినేది. "ఎవురు జూస్తాండార్లే" అని నా ముందే రెండో కాయ తీసుకుంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు. తిట్టుకోవడం మాత్రం బాగా విన్నాను.

ఆ వరసంతా కూల్చి కాంప్లెక్సు కడతానని ఇంటి ఓనరు చెప్పాడు. ఇద్దరూ ఇంటి స్థలానికి దరఖాస్తు పెట్టుకున్నారు, ఇద్దరికీ వచ్చింది. ఊరవతల కాలనీలో ఒకే నమూనా ఇండ్లు, ఎవరికి ఏదో లాటరీలో తేలుస్తామన్నారు. లాటరీ చెడ్డదని నేననను. లేకపోతే పలుకుబడి ఉన్నవాడు రోడ్డు పక్కది ఎగరేసుకుపోతాడు. కానీ పక్కపక్కనే కావాలని ఇద్దరు ముసలివాళ్లు చేతులు జోడించి అడిగితే, "అట్లా ఒకరికిస్తే అందరూ అడుగుతారమ్మా" అన్నారు. అందరూ అడిగితే మాత్రం ఏం మునిగిపోయేది? ఎవరి పక్కన ఎవరు బతకాలనుకుంటున్నారో తెలిసేది. అత్తకు రోడ్డు పక్క ఇల్లు వచ్చింది. పెద్దమ్మకు కాలనీ అవతలి కొసన, నీళ్ల ట్యాంకీ దాటి, కాలువ వైపు వచ్చింది.

ఆ రోజు అత్త అన్నం తినలేదని పెద్దమ్మే నాకు ఫోన్ చేసి చెప్పింది. అట్లా చెబుతూ తను తినిందో లేదో చెప్పలేదు.

కానీ పెద్దమ్మ వ్యాపారం చేసిన మనిషి, ఊరికే ఏడుస్తూ కూర్చునే రకం కాదు. తన ఇంటి పక్కది ఎవరికి వచ్చిందో కనుక్కుంది. ఉయ్యాలవాడ వైపు నుంచి వచ్చి ఆళ్లగడ్డలో స్థిరపడిన బేల్దారి దంపతులకు వచ్చింది. అతను గోడలు కడతాడు, ఆమె ఇటుకలు మోస్తుంది. వాళ్లను పిలిపించి, రోడ్డు పక్క ఇల్లు మీరు తీసుకోండి, ఈ ఇల్లు టీచరమ్మకు వదలండి అంది. బేల్దారి భార్య ఎగిరి గంతేసింది. "అంతకన్నా ఏం కావాల పెద్దమ్మా? పనికి పోను ఆటో బేగా దొరుకుతాది" అంది.

అంతటితో ఆగకుండా పెద్దమ్మ తాంబూలాలు మార్పించింది. మూసేసిన అంగడి మెట్ల మీద కూర్చోబెట్టి, రెండు పళ్లాల్లో ఆకువక్కా అరటిపండ్లూ పెట్టి, ఇటువి అటూ అటువి ఇటూ. నేనూ ఉన్నాను ఆ రోజు. "ఇదేందక్కా, పెండ్లి మాట్లాడుకున్నట్టు?" అంది అత్త. "పెండ్లికన్నా పెద్దదే ఇది. మొగుడు ఎట్లాంటోడు దొరికినా ఎట్లనో సర్దుకుంటి. పక్కిల్లు కుదరకపోతే ఈ వయసులో యాడ సర్దుకుంటాం?" అంది పెద్దమ్మ. అత్త అరటిపండు తీసుకొని ఆకువక్క బేల్దారి భార్యకే ఇచ్చేసింది. అందరం నవ్వుకున్నాం. మాట ఇచ్చిపుచ్చుకున్నాక ఇక దానికి తిరుగులేదని ఆ మెట్ల మీద ఉన్న అందరం నమ్మాం. కాగితం మీద ఏ ఇల్లు ఎవరిదో ఒక్కరమూ ఆలోచించలేదు. బజారులో బేరాలన్నీ అట్లాగే జరుగుతాయి మరి.

కొత్త ఇండ్లలో చేరారు. గాలీ వెలుతురూ రావాలని ఇంటికీ ఇంటికీ నడుమ సందు వదిలారు. మేక పోవచ్చు, మనిషి పోవాలంటే పక్కకు తిరగాలి. ఉమ్మడి గోడ లేదు కాబట్టి పప్పుగుత్తి పప్పుకే పరిమితమైంది. కిటికీ ఊచలమీద గ్లాసుతో కొట్టి కొత్త పద్ధతి కనిపెట్టుకున్నారు. వాకిలి ముందు మూడు ఎత్తయిన మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. స్నానాల గది ఇంటి వెనక, బయటికి దిగి వెళ్లాలి. ఆ ప్లాను గీసినాయనకు ఇంకా మోకాళ్ల నొప్పులు మొదలై ఉండవు. పాలు, కూరగాయలు, మాత్రలు, గుడి, చర్చి, అన్నీ ఊళ్లో ఉండిపోయాయి. అయినా అత్త ఫిర్యాదు చేసేది కాదు. "అక్క ఉంది గదా" అనేది. అన్ని లోపాలకూ అదే జవాబు.

నా దగ్గరికి వచ్చి ఉండమని అడగలేదా అంటే, అడగని సంవత్సరం లేదు. నేను నంద్యాలలో ఒక బడిలో తెలుగు చెబుతాను. మూడో అంతస్తులో ఉంటాను, లిఫ్టు లేదు. అత్త ఒకసారి వచ్చి ప్రతి మలుపు దగ్గరా మెట్టుమీద కూలబడి, పైకి చేరాక, "నీ ఇల్లు బాగుంది పాపా, పరలోకానికి దగ్గర" అంది. మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు తనిఖీలు మొదలయ్యాయి. ఇండ్లు తీసుకున్నవాళ్లు వాటిలో ఉంటున్నారా, అమ్ముకున్నారా, అద్దెకిచ్చారా అని చూస్తారు. చూడాల్సిందే, అట్లా చేసినవాళ్లు ఉన్నారు. ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్లు ఆ ఇంటి ముందు నిలబడితే ఫోన్లో ఫోటో తీసుకుంటారు. మొదటిసారి ఒక అమ్మాయి వచ్చింది. ముందే కబురు తెలిసి అత్త కాలనీ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, రోడ్డు పక్క ఇంటి ముందు నిలబడి ఫోటో దిగింది. ఆ ఇంట్లో ఉంటున్న బేల్దారి భార్య టీ ఇచ్చి, "మీ ఇంటికొచ్చిన మీకే నేను టీ ఇస్తాండా సూడండి టీచరమ్మా" అని నవ్విందట. ఈ సంగతి ఫోన్లో చెబుతూ అత్త కూడా బాగా నవ్వింది.

రెండోసారి ఒక ఆఫీసరు స్వయంగా వచ్చాడు. ఫోటో అయ్యాక, "ఈ ఇంట్లో మీరే ఉంటున్నారా అమ్మా?" అని అడిగాడు. "లేదప్పా. నేను ఆడ, కాలువ కాడ ఉంటా" అంది అత్త.

అబద్ధం ఆడమని ఆమెకు ఎవరూ చెప్పి ఉండలేదు. చెప్పినా ఆడేది కాదు. పైగా తాంబూలం దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం కథ చెప్పింది. ఆయన విన్నాడు, రాసుకున్నాడు. ఆ సాయంత్రం ఫోన్లో అత్త గొంతు నిండా సంతోషం. "మంచాయన పాపా. అడ్డం రాకుండా అంతా ఇన్నాడు. మా పేర్లు కూడా రాసుకున్యాడు. ఇంగ నంబర్లు మార్చేస్తారేమో, మాకు ఈ తిరుగుడు తప్పుతాది" అంది. కొన్ని రోజులు ఆ సంతోషంలోనే ఉంది.

వచ్చిన నోటీసులో, ఎవరికి కేటాయించిన ఇంట్లో వాళ్లు చేరాలి, లేకపోతే కేటాయింపు రద్దు అని ఉంది. బేల్దారి దంపతులు భయపడిపోయారు. చేతికొచ్చిన ఇల్లు పోతుందంటే ఎవరు భయపడరు? నేను బడికి సెలవు పెట్టి ఆఫీసుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. అదే నా కోపానికి మరింత ఇబ్బంది అయింది, మర్యాదగా ఉన్నవాడిమీద అరవడం కష్టం.

"వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారమ్మా?" అని అడిగాడు.

"ఏమీ కారు సార్. పక్కపక్క ఇండ్లవాళ్లు."

"అక్కచెల్లెళ్లా? వదినా మరదళ్లా? రక్తసంబంధం ఉంటే పైకి రాసి చూడొచ్చు."

"ఒకరిది చర్చి, ఒకరిది ఆర్యవైశ్యుల ఇల్లు సార్. రక్తసంబంధం ఎక్కడుంటుంది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి ఏమని రాయమంటారు?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. తెలుగు పాఠాలు చెప్పి బతికే నాకు అర్జీలో సంబంధం అన్న గడిలో రాయడానికి ఒక్క మాట దొరకలేదు. పొద్దున్నే బతికి ఉందో లేదో కనుక్కునే మనిషిని ఏమంటారో మన చుట్టరికాల్లో లేదు. బయటికి వచ్చి బస్టాండుదాకా ఏడుస్తూ నడిచాను. కోపంతోనే ఏడ్చాను, జాలితో కాదు.

బేల్దారి అతనే తోపుడుబండి తెచ్చి అత్త సామాను రోడ్డు పక్క ఇంటికి చేర్చాడు. తల ఎత్తి మాట్లాడలేకపోయాడు పాపం. అతని తప్పేముంది? పెద్దమ్మ వాకిట్లో గోడకానుకొని నిలబడింది. బండి కదిలాక, "ఆ చింతకాయ తొక్కు జాడీ నాది. వచ్చేటప్పుడు తెచ్చియ్యి" అంది. నిజానికి అట్లాంటి జాడీ ఏదీ అత్త సామానులో లేదు. అట్లా అంటేనైనా అత్త తిరిగి వస్తుందని కాబోలు.

తర్వాత ఇద్దరూ పొద్దున ఎండెక్కకముందే బయలుదేరి ట్యాంకీ దగ్గర కలుసుకునేవారు. అక్కడ వాడకుండా పడేసిన సిమెంటు పైపు ఒకటి ఉంది, దానిమీద కూర్చునేవారు. కాలనీ మొత్తంలో ముసలివాళ్లు కూర్చోవడానికి వీలైన చోటు అదొక్కటే. అదీ ఎవరో తీసుకుపోవడం మరిచిపోయినది.

ఎండలు ముదిరాక ఒకరోజు పోట్లాడుకున్నారు. ట్యాంకీ అత్త ఇంటికి దగ్గర, పెద్దమ్మకు దూరం. "రోజూ నేనే ఎక్కువ నడుస్తాండా. రేపట్నుంచి నువ్వే మా ఇంటికాడికి రా" అంది పెద్దమ్మ. "నా మోకాళ్లు మాత్రం ఇనుముతో చేసినారా?" అంది అత్త. "వస్తే రా, లేకుంటే లేదు" అని పెద్దమ్మ లేచి వెళ్లిపోయింది. ఇట్లాంటి పోట్లాటలు వాళ్లకు కొత్తా? గోడ ఉన్న రోజుల్లో ఎన్ని మాటలనుకున్నా తెల్లారేసరికి దెబ్బలు వినిపించేవి, పోట్లాట అక్కడికి సరి.

మరునాడు అత్త ట్యాంకీ దగ్గర కూర్చుంది. పెద్దమ్మ రాలేదు. అలిగిందనుకుంది. "అలగనీ, ఎన్నాళ్లలుగుతాదో సూస్తా" అనుకొని ఇంటికి వచ్చేసింది. ఆ మరుసటి రోజు కూడా అంతే. పెద్దమ్మ అప్పటికి ఇంటి వెనక మెట్ల దగ్గర పడి ఉంది. తుంటి ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది. పక్కింట్లో ఇప్పుడు బేల్దారి దంపతులున్నారు, కానీ వాళ్లు చీకటితో పనికి పోయి చీకటిపడ్డాక వస్తారు. తలుపు మూసి ఉంటే పడుకుందనుకున్నారు. రెండో సాయంత్రం బేల్దారి భార్యకే అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి చూసింది.

నంద్యాల ఆసుపత్రికి తెచ్చారు. అత్తను నేనే తీసుకొచ్చాను. పెద్దమ్మకు కళ్లు తెరుచుకునే ఉన్నాయి, నోరు పడిపోయింది. అత్త మంచం పక్కన నిలబడి ఆవిడ చేయి పట్టుకొని, "అలిగినావనుకుంటినక్కా" అంది. మళ్లీ మళ్లీ అదే మాట. "అలిగినావనుకుంటినక్కా. నువ్వు అలిగినావనుకుంటి." పెద్దమ్మ ఆమె వైపే చూస్తూ ఉంది. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. క్షమించినట్టుందని రాస్తే నాకు బాగుంటుంది, కానీ నాకు తెలియదు. అత్త నా మూడంతస్తులూ ఎక్కి దిగుతూ ఆసుపత్రికి తిరిగింది. ఒక్కసారి కూడా మెట్ల మీద కూర్చోలేదు. ఆ వారం దాటకముందే పెద్దమ్మ పోయింది.

మరిది కొడుకులు అవుకుకు తీసుకుపోయారు. మేం కోవెలకుంట్ల మీదుగా బస్సులో వెళ్లాం. వాళ్లు మమ్మల్ని బాగానే చూసుకున్నారు, అత్తకు కుర్చీ వేశారు. కానీ ఆ ఇంట్లో ఎవరికీ మేమెవరమో తెలియదు. ఒకామె పక్కనున్న ఇంకొకామెను, "ఎవురామె, అంతగా ఏడుస్తాండాది?" అని అడిగింది. "ఆళ్లగడ్డలో పక్కింటామెంట" అందామె. అత్త తల ఎత్తింది. "పక్కిల్లు కాదమ్మా. నాది రోడ్డు కాడ, ఆ కొస" అంది. అక్కడ కూడా ఆమెకు అబద్ధం రాలేదు.

అవుకు నుంచి నేరుగా ఆళ్లగడ్డకే వచ్చాం. రోడ్డు పక్క ఇంట్లో అత్త మంచంమీద కూర్చుంది, నేను మెట్లమీద కూర్చున్నాను. ముందు లారీలు పోతున్నాయి. మాట్లాడకుండా ఉండలేక, దారి పొడవునా అనుకున్నది చెప్పేశాను. నంద్యాలలో కింది అంతస్తు ఇల్లు చూస్తాను, మెట్లుండవు, చర్చి దగ్గర, ఆసుపత్రి దగ్గర, నాతో వచ్చెయ్ అన్నాను. ఆమె వద్దంది.

"ఈడ ఎవరున్నారు అత్తా నీకు?"

"ఆడ ఎవురుండారు?"

"నేనున్నాను. నేను బడికి పోయినప్పుడు చూసుకోడానికి ఇరుగుపొరుగు ఉంటారు. మంచివాళ్లు దొరకరా?"

"దొరుకుతారు పాపా. మంచోళ్లే దొరుకుతారు. అక్కతో అట్లా కావడానికి నాకు నలభై ఏండ్లు పట్టె. ఇంగో నలభై నాకాడ యాడుండాయి?"